రెప్పపాటు రేడియేషన్: ఫ్లాష్ చికిత్స భవిష్యత్తు యాక్సిలరేటర్ చేతిలో

క్లుప్తంగా: క్యాన్సర్ కణితికి నిమిషాల పాటు ఇచ్చే రేడియేషన్‌ను సెకనులో పదో వంతో ఐదో వంతో సమయంలో ఇచ్చేస్తే, కణితి మీద ప్రభావం తగ్గకుండానే పక్కనున్న ఆరోగ్యకరమైన కణజాలానికి నష్టం తగ్గుతుందని జంతువులపై జరిగిన ప్రయోగాలు చెబుతున్నాయి. దీన్నే ఫ్లాష్ రేడియోథెరపీ అంటున్నారు. ఇలా ఎందుకు జరుగుతుందన్నది ఇంకా తేలలేదు, మనుషుల్లో ప్రయోజనం రుజువు కాలేదు. ఈ రెండూ తేలాలంటే ముందు తీరాల్సిన చిక్కు యంత్రానిది. శరీరం లోతుల్లో ఉన్న కణితికి దాని ఆకారానికి సరిపోయేలా, అంత వేగంగా, కొలత తప్పకుండా మోతాదు అందించగలిగి, ఆసుపత్రి గదిలో పట్టే యాక్సిలరేటర్ (కణాలను అతివేగంగా పరుగెత్తించే యంత్రం) కోసమే ఇప్పుడు జెనీవా నుంచి కాలిఫోర్నియా దాకా పని జరుగుతోంది.

ఐదారు వారాల సిట్టింగులు ఎందుకు

తెలుగు ఇళ్లలో రేడియోథెరపీని ‘కరెంటు పెట్టడం’ అంటారు. రోగి ఒంటికి విద్యుత్తు ఏమీ తగలదు కాబట్టి ఈ మాట సరికాదని డాక్టర్లు చెబుతుంటారు. అయితే గోడకు అవతల జరిగే పనిని చూస్తే ఆ మాట అంత దూరంగా ఏమీ లేదు. లీనియర్ యాక్సిలరేటర్, అంటే ఆసుపత్రి వాడుకలో లినాక్, విద్యుత్ శక్తితోనే ఎలక్ట్రాన్లను కాంతివేగానికి చేరువగా పరుగెత్తించి టంగ్‌స్టన్ పలకకు కొడుతుంది. ఆ దెబ్బకు పుట్టే ఎక్స్ కిరణాలే కణితిని చేరతాయి.

మెడ క్యాన్సర్ రోగిని తీసుకుంటే, ముఖానికి అచ్చుపోసిన ప్లాస్టిక్ మాస్కు బిగించి, బల్ల మీద కదలకుండా పడుకోబెట్టి, కొన్ని నిమిషాల పాటు కిరణాలు ఇచ్చి పంపిస్తారు. ఒక్క సిట్టింగుకు సాధారణంగా 2 గ్రేల మోతాదు. గ్రే అంటే కిలో కణజాలంలోకి దిగే రేడియేషన్ శక్తిని కొలిచే ప్రమాణం. వారానికి 5 రోజుల చొప్పున 25 నుంచి 35 సిట్టింగులు, మొత్తం మీద 50 నుంచి 70 గ్రేలు. ఊరు విడిచి వచ్చిన కుటుంబం నెలన్నర పాటు ఆసుపత్రి దగ్గర గది అద్దెకు తీసుకుని ఉండాల్సి రావడానికి కారణం ఈ లెక్కే.

మోతాదును ఇలా ముక్కలు చేయడానికి ఆధారం జీవశాస్త్రంలో ఉంది. రేడియేషన్ దెబ్బ తిన్న ఆరోగ్యకరమైన కణాలు మర్నాటి సిట్టింగు లోపు చాలావరకు కోలుకుంటాయి. క్యాన్సర్ కణాలకు ఆ మరమ్మతు శక్తి తక్కువ. కణితిని చంపే మోతాదు ఎంతో తెలియక వైద్యులు ఆగరు, దాన్ని ఆనుకుని ఉన్న వెన్నుపామో పేగో లాలాజల గ్రంథో ఎంత వరకు తట్టుకుంటుందన్న హద్దు దగ్గర ఆగుతారు. నూరేళ్లకు పైబడిన రేడియోథెరపీ చరిత్రంతా ఆ హద్దును కొంచెం కొంచెంగా అవతలికి జరిపే ప్రయత్నమే. ఇప్పటిదాకా వచ్చిన పద్ధతులు కిరణాలను కణితి చుట్టూ మరింత బిగుతుగా అమర్చి ఆ పని చేశాయి. ఫ్లాష్ ఎంచుకున్న దారి వేరు. కిరణం పడే చోటును యథాతథంగా ఉంచి, అది పడే సమయాన్ని కుదిస్తుంది.

ఎలుకల ఊపిరితిత్తుల్లో కనిపించిన తేడా

ఈ గమనిక పాతదే. బ్యాక్టీరియా మీద అతివేగ రేడియేషన్ ప్రభావాన్ని డ్యూయీ, బోగ్ అనే శాస్త్రవేత్తలు 1959లోనే నమోదు చేశారు. 1971లో హార్న్సీ, బ్యూలీ ఎలుకల పేగుల్లో ఇలాంటి రక్షణనే చూశారు. వైద్యంలోకి మాత్రం అది అప్పట్లో రాలేదు.

విషయం మళ్లీ తలెత్తింది 2014లో. ఫ్రాన్స్‌లోని ఓర్సేలో క్యూరీ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఫావోడాన్, వొజెనిన్, వారి సహచరులు ఎలుకల ఛాతీకి 4.5 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే ప్రమాణం) ఎలక్ట్రాన్లతో రెండు రకాలుగా రేడియేషన్ ఇచ్చారు. ఒక రకంలో సెకనుకు 0.03 గ్రే మించకుండా, రెండో రకంలో సెకనుకు 40 గ్రేలు, ఆపైన. నెమ్మదిగా 15 గ్రేలు అందుకున్న ఎలుకల ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడ్డాయి. వేగంగా 17 గ్రేలు అందుకున్న వాటిలో ఆ జబ్బు కనిపించలేదు. కణితుల మీద మాత్రం రెండూ సమానంగా పనిచేశాయి. సెకనుకు 40 గ్రేలు అన్న హద్దు ఫ్లాష్ నిర్వచనంలోకి అలా వచ్చి చేరింది.

తర్వాత స్విట్జర్లాండ్‌లోని లొజాన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఈ పని ఊపందుకుంది. ఎలుకల మెదడుకు 10 గ్రేలు ఇచ్చినా, సెకనుకు 100 గ్రేలకు మించిన వేగంతో ఇస్తే జ్ఞాపకశక్తి నిలిచిందని 2017లో ప్రచురించారు. పంది చర్మం మీద, ముక్కు క్యాన్సర్ వచ్చిన పిల్లుల మీద ప్రయోగాలు సాగాయి. 2018లో మొదటి మనిషికి ఈ చికిత్స అందింది. చర్మమంతా లింఫోమా అనే రక్తకణాల క్యాన్సర్ పాకి, అప్పటికే వంద సార్లకు పైగా వేర్వేరు చోట్ల మామూలు రేడియేషన్ తీసుకున్న ఒక రోగికి, మూడున్నర సెంటీమీటర్ల కణితి మీద 15 గ్రేలు 90 మిల్లీసెకన్లలో ఇచ్చారు. కణితి పూర్తిగా పోయింది, చర్మానికి జరిగిన నష్టం స్వల్పం. ఆ తర్వాత అదే రోగికి రెండు కణితుల్లో ఒకదానికి వేగంగా, మరొకదానికి నెమ్మదిగా అవే 15 గ్రేలు ఇచ్చి పోల్చినప్పుడు చర్మం స్పందనలో తేడా కనబడలేదన్న సంగతిని ప్రచారంలో తరచూ వదిలేస్తున్నారు. ఒక్క రోగితో ఏదీ తేలదు. ఈ జాగ్రత్త మొదటి ఫలితానికెంత వర్తిస్తుందో రెండోదానికీ అంతే వర్తిస్తుంది.

కారణం ఇంకా చర్చలోనే

మొదట్లో అందరూ వేలెత్తి చూపింది ఆక్సిజన్‌ను. కణంలో ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నప్పుడు రేడియేషన్ చేసే హాని, అది లేనప్పటి కంటే దాదాపు మూడు రెట్లు ఉంటుంది. రెప్పపాటులో పెద్ద మోతాదు పడితే కణజాలంలోని ఆక్సిజన్ ఒక్కసారిగా ఖర్చయిపోయి, రక్తం నుంచి కొత్తది వచ్చేలోపే పని ముగుస్తుందని, అందువల్ల ఆరోగ్యకరమైన కణాలు తప్పించుకుంటాయని భావించారు. ఎలుకలకు అదనపు ఆక్సిజన్ పీల్పిస్తే ఫ్లాష్ రక్షణ మాయమవడం ఈ ఊహకు బలమిచ్చింది. తీరా కొలిచి చూస్తే, చికిత్స మోతాదుల్లో ఆక్సిజన్ తగ్గుదల ఇంత తేడాకు చాలేంతగా కనిపించలేదు.

అందుకే ఇప్పుడు దృష్టి రేడియేషన్ వల్ల కణంలో పుట్టే ఫ్రీ రాడికల్స్ మీదికి మళ్లింది. అవన్నీ ఒకే క్షణంలో కిక్కిరిసి పుడితే కణాన్ని దెబ్బతీసే ముందే ఒకదానితో ఒకటి కలిసి నశిస్తాయన్నది ఒక వాదన. మామూలు చికిత్స సాగే నిమిషాల్లో శరీరంలోని రక్తం చాలాభాగం కిరణాల కిందుగా ప్రవహిస్తుంది, ఫ్లాష్‌లో ఆ క్షణాన అక్కడున్న రక్తమే దెబ్బతింటుంది కాబట్టి రోగనిరోధక కణాలు ఎక్కువగా మిగులుతాయన్నది మరొకటి. వీటిలో ఏ వాదన నిజమన్నది యంత్రం తయారుచేసేవారికీ ముఖ్యమే. మొత్తం సమయం ముఖ్యమా, సగటు వేగం ముఖ్యమా, ఒక్కొక్క పల్స్‌లో, అంటే కిరణం ఒక్కసారి వెలిగి ఆరేలోపు, పడే మోతాదు ముఖ్యమా అన్నది తేలనంత కాలం, యంత్రం దేన్ని సాధించాలో కచ్చితంగా రాసిపెట్టడం సాధ్యం కాదు.

ఒక్క పల్స్ లెక్క

లినాక్ నుంచి కిరణాలు కుళాయి నీళ్లలా ధారగా రావు. కొన్ని మైక్రోసెకన్ల నిడివి గల పల్స్‌లుగా, సెకనుకు కొన్ని వందలుగా వస్తాయి. నిమిషానికి 6 గ్రేలు ఇచ్చే మామూలు యంత్రం సెకనుకు 300 పల్స్‌లు కొడుతుందనుకుంటే, ఒక్కో పల్స్‌లో పడేది 1 గ్రేలో మూడు వేలో వంతు. లొజాన్‌లో మొదటి రోగికి ఇచ్చిన 15 గ్రేలు పది పల్స్‌లలో వచ్చాయి, అంటే పల్స్‌కు ఒకటిన్నర గ్రే. రెండింటికీ మధ్య తేడా దాదాపు ఐదు వేల రెట్లు. అక్కడ పల్స్ నిడివి ఒక మైక్రోసెకను కాబట్టి, 90 మిల్లీసెకన్ల చికిత్సలో కిరణం నిజంగా వెలిగి ఉన్నది పది మైక్రోసెకన్లే.

భద్రత దృష్టితో చూస్తే ఈ లెక్క ఇంకా బరువుగా కనిపిస్తుంది. 2 గ్రేల మామూలు సిట్టింగులో ఒక పల్స్ ఎక్కువైనా తక్కువైనా వచ్చే తప్పు నూటికి 0.02 పాలు కూడా ఉండదు. పది పల్స్‌లలో ముగిసే చికిత్సలో ఒక పల్స్ ఎక్కువైతే తప్పు పది శాతం. పైగా, ఏదో తేడాగా ఉందని గమనించి బటన్ నొక్కే వ్యవధి మనిషికి ఉండదు. ఆపాల్సింది యంత్రమే, అదీ రెండు పల్స్‌ల మధ్య ఉండే వందో వంతు సెకను విరామంలో.

ఇక్కడే కొలత పరికరాల చిక్కు వస్తుంది. ప్రతి లినాక్ తలలో మోతాదును లెక్కించే అయాన్ ఛాంబర్ ఉంటుంది. రేడియేషన్ అందులోని గాలిని అయాన్లుగా విడగొడితే, ఆ ఛార్జ్‌ను పోగుచేసి మోతాదు చెబుతుంది, నిర్ణీత అంకె రాగానే కిరణాన్ని ఆపుతుంది. ఒక్క పల్స్‌లో గ్రేల కొద్దీ మోతాదు పడితే అయాన్లు కుప్పలుగా పుట్టి, ఎలక్ట్రోడ్లను చేరకముందే తిరిగి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఛాంబర్ అసలు మోతాదు కంటే బాగా తక్కువ చూపిస్తుంది. తక్కువ చూపించే కొలతను నమ్మితే రోగికి ఎక్కువ పడుతుంది. ఈ సమస్య మీదే జర్మనీ జాతీయ కొలతల సంస్థ నాయకత్వంలో 2019 నుంచి ఒక ఐరోపా ప్రాజెక్టు నడిచింది. వేగంతో సంబంధం లేకుండా స్పందించే అలనీన్ గుళికలు, రేడియోక్రోమిక్ ఫిల్మ్ నమ్మకంగా కొలుస్తాయి గానీ, ఫలితం తర్వాత చదువుకోవాల్సిందే. అప్పటికప్పుడు చెప్పడానికి వజ్రంతో చేసిన డిటెక్టర్లు, కిరణాన్ని తాకకుండా దాని విద్యుత్ ప్రవాహాన్ని కొలిచే కాయిల్స్ ముందుకు వస్తున్నాయి. ఫ్లాష్ గురించిన వార్తల్లో ఈ కొలతల పనికి పెద్దగా చోటు దొరకదు గానీ, రోగి క్షేమం అన్నిటికన్నా ఎక్కువగా ఆధారపడేది దీని మీదే.

మూడు కణాలు, మూడు అడ్డంకులు

వేగం సాధించడం ఎలక్ట్రాన్లతో అన్నిటికన్నా సులువు. మామూలు లినాక్‌లో టంగ్‌స్టన్ పలకను పక్కకు తప్పించి ఎలక్ట్రాన్లనే నేరుగా వదిలితే ఫ్లాష్ వేగం అందుతుందని ఆసుపత్రి యంత్రాల మీదే చూపించారు. అయితే 5, 6 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లు చర్మం కింద రెండు సెంటీమీటర్ల లోపే చికిత్సకు పనికొస్తాయి. 20 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు ఉన్నా ఆరు సెంటీమీటర్లు దాటడం కష్టం. చర్మ క్యాన్సర్లకు, ఆపరేషన్ బల్ల మీద తెరిచి ఉన్న గాయానికి ఇది చాలు. క్లోమంలోనో ఊపిరితిత్తిలోనో దాగిన కణితికి చాలదు.

ఎక్స్ కిరణాలు ఎంత లోతుకైనా వెళ్తాయి. వాటికి అడ్డం ఆ టంగ్‌స్టన్ పలకే. ఎలక్ట్రాన్ల శక్తిలో చాలాభాగం అక్కడ వేడిగా పోతుంది. ఫ్లాష్ వేగం కావాలంటే ఎలక్ట్రాన్ ప్రవాహాన్ని వందల రెట్లు పెంచాలి, అప్పుడు పలక కరగకుండా చూసుకోవాలి. పైగా ఇప్పటి యంత్రాలు రోగి చుట్టూ తల తిప్పుతూ అన్ని వైపుల నుంచి కిరణాలు ఇస్తాయి, ఆ తిరుగుడుకే పదుల సెకన్లు పడుతుంది. ఈ రెండో చిక్కుకు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, స్లాక్ ప్రయోగశాల కలిసి ‘ఫేజర్’ అనే పథకం వేశాయి. ఏదీ తిరగాల్సిన పని లేకుండా రోగి చుట్టూ 16 యాక్సిలరేటర్లను అమర్చి, వాటిని విద్యుత్ సంకేతంతో వెంటవెంటనే వెలిగించాలన్నది ఆలోచన.

ప్రోటాన్లు మనుషుల్లో పరీక్షల దాకా త్వరగా చేరాయి. ప్రోటాన్లను గుండ్రంగా తిప్పుతూ వేగం పెంచే సైక్లోట్రాన్లకు కావాల్సిన ప్రవాహం ఇవ్వగల సత్తా ఉండటమే అందుకు కారణం. ప్రోటాన్ చికిత్సకున్న అసలు బలం, కణం తన శక్తిలో ఎక్కువ భాగాన్ని కణితి దగ్గరే దింపి ఆగిపోవడం. ఆ ఆగే చోటును మార్చాలంటే శక్తి మార్చాలి. సైక్లోట్రాన్ నుంచి వచ్చేది ఒకే శక్తి, దాన్ని తగ్గించడానికి కిరణానికి అడ్డంగా గ్రాఫైట్ వంటి దిమ్మ పెడతారు. తక్కువ శక్తులకు దిగేసరికి ఆ దిమ్మ దాటి వచ్చే ప్రోటాన్లు నూటికి ఒకటి కూడా ఉండవు. ప్రవాహం పడిపోతే వేగమూ పడిపోతుంది. అందుకని తొలి పరీక్షల్లో గరిష్ఠ శక్తితో ప్రోటాన్లను శరీరం గుండా అటు నుంచి ఇటు దూసుకుపోనిచ్చారు. వేగం దక్కింది గానీ, ప్రోటాన్‌ను ప్రోటాన్‌గా నిలబెట్టే గుణాన్ని వదులుకోవాల్సి వచ్చింది. కణితి ఆకారానికి సరిపడేలా చెక్కిన ఫిల్టర్లను రోగికి దగ్గరగా పెట్టి, ఆ గుణాన్ని తిరిగి తెచ్చుకునే ప్రయత్నాలు సాగుతున్నాయి.

కొలైడర్ కోసం పుట్టిన రాగి గొట్టం

నాలుగో దారి ఎలక్ట్రాన్ల శక్తినే బాగా పెంచడం. 100 నుంచి 200 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఎలక్ట్రాన్లు 20 సెంటీమీటర్ల లోతు దాటి వెళ్తాయి, చెదిరిపోవడం తగ్గుతుంది, అయస్కాంతాలతో ఎటు కావాలంటే అటు వేగంగా తిప్పవచ్చు, టంగ్‌స్టన్ పలకతో పనే ఉండదు. ఈ సంగతి తెలిసినా ఆసుపత్రులు ఇటు చూడకపోవడానికి కారణం పొడవు. లినాక్‌లో ఎలక్ట్రాన్‌కు మీటరుకు ఎంత శక్తి ఎక్కించగలమన్నదాన్ని బట్టి యంత్రం పొడవు ఉంటుంది. మీటరుకు 15 మెగావోల్టుల చొప్పున లెక్కేస్తే 140 మెగా ఎలక్ట్రాన్ వోల్టులకు తొమ్మిది మీటర్లకు పైగా యాక్సిలరేటర్ గొట్టమే కావాలి. చికిత్స గది దాని తర్వాత.

దీనికి జవాబు కణభౌతికశాస్త్రం నుంచి వచ్చింది. జెనీవాలోని కణభౌతిక పరిశోధనశాల సెర్న్, 11 కిలోమీటర్లతో మొదలై 50 కిలోమీటర్ల దాకా పెంచే వీలుతో ‘క్లిక్’ అనే కొలైడర్‌ను, అంటే కణాలను ఢీకొట్టించే యంత్రాన్ని, చాలా ఏళ్లుగా రూపొందిస్తోంది. దాని పొడవు తగ్గించడానికి మీటరుకు 100 మెగావోల్టులు తట్టుకునే రాగి నిర్మాణాలను అభివృద్ధి చేశారు. ఆసుపత్రి లినాక్‌లో సాధారణంగా వాడే 3 గిగాహెర్ట్జ్‌కు బదులు ఇవి 12 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్‌లతో పనిచేస్తాయి. గొట్టం లోపలి గదులను మైక్రాన్ల కచ్చితత్వంతో తొలుస్తారు, ఎందుకంటే అంత విద్యుత్ క్షేత్రంలో లోహం ఉపరితలం మీద చిన్న గరుకున్నా మెరుపులాంటి స్పార్క్ లేచి ఆ పల్స్ చెడిపోతుంది. కొలైడర్‌కు ఇది సామర్థ్యం సమస్య. కొన్ని పల్స్‌లతోనే చికిత్స ముగిసే యంత్రంలో ఒక పల్స్ చెడిపోతే నేరుగా రోగి మోతాదు తప్పుతుంది. మీటరుకు 100 మెగావోల్టులు అందితే, పై లెక్కలోని తొమ్మిది మీటర్ల గొట్టం మీటరున్నరలో ముగుస్తుంది.

సెర్న్, లొజాన్ ఆసుపత్రి కలిసి పనిచేస్తున్నట్టు 2020లో ప్రకటించాయి. ఫ్రాన్స్‌కు చెందిన థెరిక్ కంపెనీ 2022లో వారితో ఒప్పందం చేసుకుంది. 20 సెంటీమీటర్ల లోతు కణితికి 100 మిల్లీసెకన్ల లోపు చికిత్స ఇవ్వడం లక్ష్యం. సెర్న్‌లోనే ‘క్లియర్’ అనే చిన్న యాక్సిలరేటర్ మీద ఈ శక్తుల్లో కొలతలు, కణాల మీద ప్రయోగాలు చేస్తున్నారు. జర్మనీలో బెర్లిన్ సమీపంలోని జాయ్‌టెన్ ప్రయోగశాలలోనూ ఎలక్ట్రాన్ యాక్సిలరేటర్‌ను ఇలాంటి పరిశోధనకు వాడుతున్నారు.

మనుషుల్లో ఇప్పటిదాకా తెలిసింది

ప్రోటాన్లతో మొదటి క్లినికల్ పరీక్ష అమెరికాలోని సిన్సినాటిలో 2020 నవంబరులో మొదలైంది. చేతుల, కాళ్ల ఎముకలకు క్యాన్సర్ పాకి నొప్పితో బాధపడుతున్న 10 మంది రోగులకు, 12 చోట్ల, ఒకే విడతగా 8 గ్రేలు ఇచ్చారు. 8 చోట్ల నొప్పి తగ్గింది, అందులో 6 చోట్ల పూర్తిగా పోయింది. మామూలు రేడియేషన్‌తో వచ్చే ఫలితాలకు ఇవి దగ్గరగానే ఉన్నాయి. ఆసుపత్రి రోజువారీ పద్ధతుల్లో ఈ చికిత్సను నడపగలమని ఈ పరీక్ష చూపించింది. ఆరోగ్యకరమైన కణజాలం మిగిలిందా లేదా అన్నది చూపించడానికి అది రూపొందించినది కాదు, చేతులు కాళ్లను ఎంచుకున్నదే ప్రాణాధార అవయవాలకు దూరంగా ఉండటానికి. తర్వాతి పరీక్షలో ఛాతీ ఎముకలకు వెళ్లారు. లొజాన్‌లో చర్మానికి పాకిన మెలనోమా అనే క్యాన్సర్ మీద మోతాదు క్రమంగా పెంచుతూ మరో పరీక్ష చేపట్టారు.

హెచ్చరిక పిల్లుల నుంచి వచ్చింది. ముక్కు క్యాన్సర్ ఉన్న పిల్లులకు ఒకే విడతగా 30 గ్రేల ఫ్లాష్ ఇచ్చిన పరీక్షలో, మొదట్లో అంతా బాగున్నా, 9 నుంచి 15 నెలల తర్వాత ఏడింటిలో మూడింటికి పైదవడ ఎముక చచ్చుబడింది. విడతలుగా మామూలు చికిత్స తీసుకున్న పిల్లుల్లో అలా జరగలేదు. పరీక్షను ఆపేశారు. 30 గ్రేలు ఒక్కసారిగా ఇవ్వడమే కారణమా, కిరణం పక్కల మోతాదు సమంగా పడకపోవడమా, ఎముకకు ఈ రక్షణ వర్తించకపోవడమా అన్న చర్చ ఉంది. ఏది ఏమైనా, రేడియేషన్ దుష్ఫలితాల్లో తీవ్రమైనవి నెలల, ఏళ్ల తర్వాతే బయటపడతాయి కాబట్టి, మూడు నెలల ఫలితం చూసి ఫ్లాష్‌ను సురక్షితమనడం కుదరదని ఇది తేల్చింది.

భారత్‌లో పరిస్థితి

మన దేశంలో ప్రోటాన్ చికిత్స చెన్నైలో 2019లో మొదలైంది. నవీ ముంబైలోని టాటా మెమోరియల్ కేంద్రంలో 2023 నుంచి రోగులకు అందుతోంది. సైక్లోట్రాన్ ఉన్న ఇలాంటి కేంద్రాలే భవిష్యత్తులో ఫ్లాష్ పరిశోధనకు సహజమైన చోట్లు. భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన భాభాట్రాన్ వంటి కోబాల్ట్ యంత్రాలకు ఈ దారి మూసుకుపోయినట్టే. రేడియోధార్మిక పదార్థం తన సహజ వేగంతోనే కిరణాలను వదులుతుంది, దాన్ని వేల రెట్లు తొందరపెట్టడం ఎవరి వల్లా కాదు. ముంబైలోని సమీర్ సంస్థ దేశీయంగా 6 మెగావోల్టుల వైద్య లినాక్‌ను తయారుచేసిన అనుభవం మాత్రం పనికొస్తుంది, ఎందుకంటే ఫ్లాష్‌కు కావాల్సిన మైక్రోవేవ్, వాక్యూమ్, రాగి నిర్మాణాల నైపుణ్యానికి పునాది అదే.

35 సిట్టింగులు రెండు మూడుకు తగ్గితే యంత్రం ముందు క్యూ తగ్గుతుంది, హైదరాబాదులోనో విశాఖలోనో నెలన్నర గది అద్దె తప్పుతుంది, కూలి పోగొట్టుకునే రోజులు తగ్గుతాయి. అదే సమయంలో ప్రతి సిట్టింగు బరువు పెరుగుతుంది. 35 సిట్టింగుల్లో ఒక రోజు రోగి నాలుగు మిల్లీమీటర్లు జరిగి పడుకుంటే మిగతా రోజులు ఆ తప్పును పలచబరుస్తాయి, ఒకే సిట్టింగులో ఆ అవకాశం లేదు. ఊపిరితిత్తి కణితి శ్వాసతో పాటు కదులుతుంటే, ఆ 100 మిల్లీసెకన్లు ఏ క్షణంలో పడాలో స్కానింగే చెప్పాలి. కిరణం అంత వేగంగా ముగుస్తుంది గనుక కదలిక మసకబారదన్నది లాభం, గురి తప్పితే మొత్తం మోతాదూ తప్పుతుందన్నది నష్టం.

ఈ రోజు సిట్టింగులు మొదలుపెట్టాల్సిన రోగి ఫ్లాష్ కోసం ఆగాలా అన్న ప్రశ్న కుటుంబాల నుంచి వస్తోంది. ఆగడానికి కారణం లేదు. లోతైన కణితుల కోసం తయారవుతున్న యంత్రాలు ముందు కొలత పరీక్షలు దాటాలి, ఆ తర్వాత కొద్దిమంది రోగుల్లో భద్రత చూడాలి, ఆపైన మామూలు చికిత్సతో పక్కపక్కన పెట్టి ఏళ్ల తరబడి పోల్చాలి. కణితి అన్నాళ్లు ఆగదు.